ఆమేన్ ఓటు కాదు

వేదాంత కళాశాలలో చదువు ముగించుకుని కొత్తగా సంఘాల్లోకి వెళ్తున్న పిల్లలు విజయనగరంలో మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. రిటైరైన పాస్టరుని కదా, ప్రసంగం ఎలా రక్తి కట్టించాలో, పెళ్ళిళ్ళు, చావులు ఎలా నడిపించాలో చెప్తానని వాళ్ళ ఆశ. టీ ఇచ్చి ఒక్కటే అడుగుతాను: "సభ నడపడం ఎవరైనా నేర్పారా మీకు?" గ్రీకు నేర్పారట, హెబ్రీ నేర్పారట, సంగీతం కూడా నేర్పారట. పదిమందిని కూర్చోబెట్టి, అందరికీ అర్థమయ్యేలా సంగతి చెప్పి, ఎవరి మాట వాళ్ళ చేత చెప్పించి, చివరికి ఒక నిర్ణయానికి రావడం మాత్రం నేర్పలేదు. మా కాలంలోనూ నేర్పలేదు. పాస్టరు పనిలో సగం అదే.

అందుకే ఇది రాస్తున్నాను. రిటైరయ్యాక కోపం తగ్గుతుందని అందరూ అన్నారు. నాకు తగ్గలేదు. కాబట్టి ఇది కోపంగానే ఉంటుంది, భరించండి.

మాది దొరల కాలంలో ఆంగ్లికన్ పద్ధతిలో మొదలై, తర్వాత మిగతా సంఘాలతో కలిసి మనదైన సంఘం. ఇందులో గుడి పాస్టరు సొత్తు కాదు, బిషప్పుగారి సొత్తూ కాదు. ప్రభు రాత్రి భోజన సంస్కారం తీసుకునే ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ ఓటుంది. వాళ్ళంతా కూర్చుంటే అది సర్వసభ్య సమావేశం. వాళ్ళు ఎన్నుకున్నది కమిటీ. పాస్టరు ఆ కమిటీకి అధ్యక్షుడు మాత్రమే. సెక్రటరీ సంఘస్థుల్లోంచి వస్తాడు. గోడ కట్టాలన్నా, గంట మార్చాలన్నా, ఎవరిని ఎక్కడ సమాధి చేయాలన్నా సంఘమే తేల్చుకోవాలి. నియమావళిలో ఇదంతా చక్కగా అచ్చు వేసి ఉంది. దాన్ని ఆచరణలో పెట్టడమే మన ఉద్యోగం.

అయ్యగారమ్మ

మా వైపు పాస్టరుని అయ్యగారంటారు, పాస్టరు భార్యని అమ్మగారంటారు. ఆడదే పాస్టరైతే ఏమనాలో ఎవరికీ తెలియదు. పాస్టరుగా అభిషేకం పొంది మొదటి సంఘానికి వెళ్ళిన రోజు, గుమ్మంలో నిలబడ్డ ఒక పెద్దాయన నన్ను దాటుకుని వెళ్ళి, వెనకాల సూట్‌కేసు మోసుకొస్తున్న మా ఆయన చేతులు పట్టుకుని "వందనాలు అయ్యగారూ!" అన్నాడు. మా ఆయన లెక్కల టీచరు. "అయ్యగారు ఆవిడండి, నాను సామాన్లు మోసేవోణ్ణి" అన్నాడు నవ్వుతూ. ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి, నా వైపు తిరిగి "అయితే అయ్యగారమ్మా, లోపలికి రండి" అన్నాడు. ఆ పేరే నాకు ఉద్యోగమంతా నిలిచింది.

ఆ సంఘం సాలూరులో. గుడి గేటుకి అడ్డంగా ఎప్పుడూ ఏదో ఒక లారీ ఆగి ఉండేది. అక్కడ నా పైన ఒక సీనియరు అయ్యగారుండేవారు. మంచి గొంతు, ఇంకా మంచి ఇస్త్రీ బట్టలు. కమిటీ ఆయన భోజనాల గదిలో కూర్చునేది. కూర్చునేసరికే అన్నీ తేలిపోయి ఉండేవి. ఎవరైనా ధైర్యం చేసి ఒక ప్రశ్న అడిగితే, ఆయన వెంటనే లేచి "దీని గురించి ప్రార్థన చేద్దాం" అనేవారు. అందరూ లేచేవాళ్ళు. ఆయన ప్రార్థన చేసేవారు, చాలాసేపు చేసేవారు. కళ్ళు తెరిచేసరికి టీ వచ్చేది. టీతో పాటు ప్రశ్న కూడా లోపలికి పోయేది.

ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను, సంఘాన్ని అడగొచ్చు కదండీ అని. ఆయన నా వైపు జాలిగా చూసి, "అమ్మాయ్, సంఘాన్ని అడగడం అలవాటు సేస్తే రేపు సంఘం నిన్నడుగుతాది" అన్నారు.

"నన్నడగాలనే కదండీ నేనొచ్చింది" అన్నాను. ఆ ఆదివారం దాకా నాతో మాట్లాడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. రోగి ఇంటికి వానలో కూడా వెళ్ళే మనిషి. కానీ ఆయన దగ్గర నేను నేర్చుకున్నదేమిటంటే, నోరు మూయించడానికి ప్రార్థనంత మంచి మూత ఇంకోటి లేదని. బెదిరిస్తే జనం తిరగబడతారు. కళ్ళు మూసుకోమంటే మూసుకుంటారు. ఇంతకన్నా నీచమైన పని మన వృత్తిలో లేదని అప్పుడనుకున్నాను. ఇప్పుడూ అదే అంటాను.

గొడవ పడ్డ గుడి

అయితే సంఘస్థులకి ఏలుకోవడం రాదని, అందుకే మనం ఏలాలని చెప్పే పాస్టర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళకి నా జవాబు శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున ఉన్న ఒక చిన్న సంఘం. ఊరంతా చేపలు పట్టే హిందూ కుటుంబాలు, మధ్యలో మా ఇళ్ళు కొన్ని. మగవాళ్ళు ఆ పడవల మీదే కూలికెళ్తారు, ఆడవాళ్ళు చేపల గంపలు మోస్తారు. ఆరాధన మాత్రం దొరలు పెట్టిన వేళకే, పొద్దున్నే. గుడి ఖాళీగా ఉండేది. నా ముందున్న అయ్యగార్లు భక్తి లేదని తిట్టి పోయారు.

నేను తిట్టలేదు, ఎందుకు రావడం లేదని అడిగాను. ఒకావిడ గంప దించి నడుం మీద చెయ్యేసుకుంది. "వలలొచ్చే యేళకి గంట కొడితే మీ గుడికి పీతలొస్తాయి గానీ మేమెలాగొస్తాం అయ్యగారమ్మా?"

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టాను. వేళ మీరే నిర్ణయించుకోండన్నాను. ఎంత గొడవ! మగవాళ్ళు తాము రాలేకపోయినా ఆనవాయితీ ప్రకారం పొద్దున్నే ఉండాలన్నారు, ఆడవాళ్ళు సాయంత్రమన్నారు, ఒకాయన అలిగి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. చివరికి చేతులెత్తి సాయంత్రమని తేల్చుకున్నారు. అలిగినాయన కూడా తర్వాతి ఆదివారం సాయంత్రమే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గుడి నిండింది. వాళ్ళకి ఏలుకోవడం రాదని నాకెవరూ చెప్పకండి.

నిలబెట్టి చదివిన కాగితం

ఇక అసలు సంగతి. చీపురుపల్లి దగ్గర, రైలు పట్టాల పక్కన ఉన్న ఒక ఊరికి నన్ను వేశారు. పేరు చెప్పను. పాత రాతి గుడి, పక్కనే సమాధుల తోట. ఊళ్ళో ఉన్న పెద్ద సంఘంతో పాటు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న సంఘాలు కూడా ఆ గుడి కిందికే వస్తాయి. సెక్రటరీ దేవసహాయం మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కంటే ముందు ఆయన తండ్రి సెక్రటరీ. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. మనిషి మర్యాదస్తుడు. నన్ను మొదటి రోజునుంచీ అమ్మగారూ అనే పిలిచారు, నేను ఎవరి భార్యగా వచ్చానో ఆయన లెక్కలో తేలిపోయినట్టు.

మొదటి ఆదివారం ఆరాధన అయింది. చివరి కీర్తనకి అందరూ లేచారు. ఇంక ఆశీర్వాదం ఇవ్వడమే మిగిలింది. అప్పుడు మాస్టారు ముందుకు వచ్చి, జేబులోంచి ఒక కాగితం తీసి గంభీరంగా చదివారు. ఆఫీసు తెలుగు, మధ్యలో ఇంగ్లీషు. పిల్లలు ఏడుస్తున్నారు, ఆడవాళ్ళు చంకలో బైబిలు పెట్టుకుని కొంగు సర్దుకుంటున్నారు, పల్లెలవాళ్ళు ఆటో వెళ్ళిపోతుందేమోనని వాకిలి వైపు చూస్తున్నారు. కాగితం చివర మాస్టారు గొంతు పెంచి "ప్రభువు నామమున!" అన్నారు. గుడంతా ఒక్క గొంతుతో "ఆమేన్!" అంది. నేనూ అన్నాను, ఏదో ప్రార్థన అనుకుని. తర్వాత ఆశీర్వాదమిచ్చాను.

లోపల గదిలో చీర మీది పాస్టరు అంగీ విప్పుతుంటే మాస్టారు వచ్చి, "తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందిందండి అమ్మగారూ" అన్నారు.

"ఏ తీర్మానం?"

"ఇప్పుడు చదివాను కదండీ. సంఘమంతా ఆమేన్ అన్నది."

ఆ రోజు తీర్మానం గుడికి సున్నం వేయించడం గురించి. అదేమంత పెద్ద విషయం కాదు. కానీ నా ఒళ్ళు మండిపోయింది. ఆ గుడిలో కమిటీ ఎన్నిక కూడా అలాగే జరుగుతోందట. నిలబెట్టి పేర్లు చదువుతారు, ప్రభువు నామమున అంటారు, ఆమేన్ అంటారు, ఏకగ్రీవం. దేవుడి పేరు విని ఆమేన్ అనకుండా ఉండే మనిషి మా సంఘాల్లో పుట్టలేదు. ఆ అలవాటుని పట్టుకుని ఓటుగా లెక్క కట్టారు. ఇది దొంగ ఓటు కన్నా హీనం. దొంగ ఓటులో మన పేరు మాత్రమే పోతుంది, ఇందులో మన భక్తి కూడా పోతుంది.

ఇంకమీదట ఆశీర్వాదానికి ముందు ఏ కాగితం చదవడానికి వీల్లేదన్నాను. ఆయన నవ్వి, "కొత్త కదండీ, మెల్లగా అలవాటవుతుంది" అన్నారు.

సంతోషమ్మ చోటు

సంతోషమ్మ వచ్చింది ఆ తర్వాత కొన్నాళ్ళకి. చీపురుపల్లి సంతలో ఎండు చేపలు అమ్ముకునే మనిషి. పల్లె సంఘం సభ్యురాలు. భర్త యోహాను రైల్వే గ్యాంగులో పనిచేసి పోయాడు. మా తోటలోనే, పట్టాల వైపు గోడ పక్కన అతని సమాధి. వాళ్ళకి పిల్లల్లేరు. ఆవిడ మా వరండాలో గంప దించి, మెట్టు మీద కూర్చుని, కాసేపు ఊపిరి తీసుకుంది.

"వందనాలమ్మా. ఒక్క మాట అడగడానికొచ్చినాను. నాను సచ్చిపోతే నన్నెక్కడ పాతిపెడతారు?"

"అవేం మాటలు సంతోషమ్మా?"

"మాటలేటమ్మా, డాక్టరుబాబు సెప్పేసినాడు గదా, గుండె పాడైపోనాదని. మా ఆయన పక్కనే పెడతారని ఇన్నాళ్ళూ ధీమాగున్నాను. మాస్టారేమో కుదరదంతన్నారు. తీర్మానమైపోనాదట."

"ఎవరు చేశారు తీర్మానం?"

ఆవిడ తల వంచుకుంది. "నానేనట అమ్మా. అందరితో పాటు నానూ ఆమేన్ అన్నానట."

అది నేను రాకముందు జరిగింది. మాస్టార్ని అడిగితే తీర్మానం చదివి వినిపించారు. స్థలాభావ కారణమున, అనుబంధ గ్రామ సంఘముల విశ్వాసుల భూస్థాపన కార్యక్రమములను తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది. అంటే పల్లెలవాళ్ళని ఇకమీదట ఈ తోటలో పాతిపెట్టరు. ఎండు చేపలమ్మే మనిషికి ఆ కాగితంలో ఏ ముక్క అర్థమవుతుంది? తన గొయ్యి తన నోటితోనే పూడ్పించారు ఆవిడ చేత.

ఇంకెక్కడ పెడతారు ఆవిడని? పల్లె శ్మశానంలోకి భూములున్న బుగతలు దళితపేటవాళ్ళని రానివ్వరు. మీ దేవుడు వేరు, మీ చోటు మీరే చూసుకోండి అంటారు. ఆ చోటే ఈ తోట. అందుకే ఆ పల్లెల సంఘాలని ఈ గుడి కింద పెట్టారు.

మాస్టారింటికి వెళ్ళాను. ఆయన భార్య ప్రేమలతమ్మ కుర్చీ వేసి కాఫీ తెచ్చింది. గుడిలో ఆడవాళ్ళ సంఘం స్త్రీల మైత్రికి ఆవిడే అధ్యక్షురాలు. మాస్టారు ఓపిగ్గానే మాట్లాడారు.

"చోటెక్కడుందండీ? రోడ్డు పెంచినప్పుడు తోటలో కొంత పోయింది. ఉన్నది నిండిపోతోంది. మా తాతలు కట్టిన గుడి ఇది. రేపు మాకే చోటు లేకపోతే?"

చోటు తక్కువన్న మాట నిజమే. నేను కాదనలేదు. "సంతోషమ్మకి వేరే చోటు అక్కర్లేదు మాస్టారూ. యోహాను పోయి చాలా ఏళ్ళయింది. అదే గొయ్యి తవ్వి అందులోనే పెట్టొచ్చు. మీ తల్లిదండ్రుల్ని అలాగే పెట్టారు కదా. ఆవిణ్ణి వద్దనడం వల్ల మీకు జానెడు నేల కూడా మిగలదు."

"ఒకరికిస్తే అందరూ అడుగుతారండీ."

"అడగనివ్వండి. అడగడానికే సంఘం."

"సంఘం ఆమేన్ అనేసిందమ్మగారూ. నేనేమన్నా బలవంతం చేశానా?"

గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన ప్రేమలతమ్మ మెల్లగా అంది: "ఆ రోజు నేనూ ఆమేన్ అన్నానండి. ఆయన కాగితం తీస్తే నేను వినడం మానేసి ఎన్నాళ్ళయిందో." నవ్వుతూనే అంది గానీ మొహం నవ్వలేదు.

తిరిగొచ్చి సంతోషమ్మకి చెప్పాను. "తెలియక అన్న ఆమేన్ చెల్లదు. ఆ మాట వెనక్కి తీసుకో. సభలో లేచి నువ్వే చెప్పు."

ఆవిడ నన్ను చాలా వింతగా చూసింది. "ఆమేన్ ఎలాగ ఎనక్కి తీసుకుంటానమ్మా? దేవుడి ముందర అనేసినాను గదా."

ఎంత చెప్పినా వినలేదు. మొదట ఆవిడ మీదే కోపమొచ్చింది. రాత్రి పడుకున్నాక గానీ ఆ కోపం ఎవరి మీద ఉండాలో తెలియలేదు. ఒక మనిషి మాటకి అంత కట్టుబడి ఉంటే, ఆ కట్టుబాటుతోనే ఆవిడ కాళ్ళు కట్టేసినవాళ్ళని ఏమనాలి?

ఆరాధనకి ముందు

ఆరాధన అయ్యాక సభ పెడితే ఆడవాళ్ళు అన్నం వండాలని వెళ్ళిపోతారు, పల్లెలవాళ్ళు ఆటోలెక్కేస్తారు. మిగిలేది మాస్టారు, ఆయన శిష్యులు. అందుకని నేను సభ ఆరాధనకి ముందు పెట్టాను. సభ అయితేనే ఆరాధన. సంస్కారం తీసుకోకుండా ఎవరూ ఇంటికి పోరు. నియమావళిలో సభ ఏ వేళకో లేదు, ముందుగా తెలియజేయాలని మాత్రం ఉంది. పల్లె పల్లెకీ నేనే వెళ్ళి, దేని గురించి సభో విడమర్చి చెప్పాను.

గుడి నిండా జనం. మగవాళ్ళు ఒక వైపు బెంచీల మీద, ఆడవాళ్ళు ఇంకో వైపు చాపల మీద. అందరినీ కూర్చోమన్నాను, నేనూ కూర్చున్నాను. తీర్మానం మామూలు తెలుగులో చెప్పాను. "పల్లెలవాళ్ళు పోతే ఈ తోటలో పాతిపెట్టకూడదు. ఇదీ మీరు అంతకుముందు ఒప్పుకున్న మాట. దీన్ని ఉంచాలా, తీసెయ్యాలా?"

నేను ఆపడం ఆలస్యం, వెనక బెంచీల్లోంచి, చాపల మీద నుంచి "ఆమేన్" అని వినిపించింది. చదవడం ఆగితే ఆమేన్ అనడం అలవాటైపోయింది. కొందరు నాలిక కరుచుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గట్టిగా అరిచాను, "ఇది ప్రార్థన కాదు, మీ చావు గురించి అడుగుతున్నాను!" అని.

మాస్టారు లేచారు. "అమ్మగారూ, సంఘం ఈ సంగతి మీద దేవుని ఎదుట ఆమేన్ అన్నది. దేవుని ఎదుట ఒక మాట, మనుషుల ఎదుట ఒక మాటా? విశ్వాసులకి అది తగునా?"

చాప మీద సంతోషమ్మ అవునన్నట్టు తల ఊపింది. అది చూశాక నేను ఆగలేకపోయాను.

"దేవుని ఎదుట ఆమేన్ అన్నారంటే అది ప్రార్థనే అయి ఉండాలి మాస్టారూ. అయితే ఆ ప్రార్థన మళ్ళీ చెయ్యండి. ఆఫీసు తెలుగులో కాదు, మామూలుగా. ఆవిడ ఇక్కడే ఉంది, ఆవిడ పేరు పెట్టి చెయ్యండి. ప్రభువా, సంతోషమ్మకి తన భర్త పక్కన చోటు లేకుండా చెయ్యి అనండి. అప్పుడు సంఘం ఆమేన్ అంటే నేను సంతకం పెట్టి తోటకి తాళం వేస్తాను."

నేను చేసింది పద్ధతి కాదని తర్వాత పెద్దలు చెప్పారు. కాకపోవచ్చు. మాస్టారు మాత్రం వెనక్కి తగ్గే మనిషి కాదు. కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేయడంలో ఆయనకి మంచి పేరు. "పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఉదయమున నీ సన్నిధిలో చేరిన మేము..." అని మొదలుపెట్టారు. "నీ దాసురాలు సంతోషమ్మ..." అన్నారు. ఆగారు. మళ్ళీ "నీ దాసురాలు సంతోషమ్మ..." అన్నారు. అంతే. కళ్ళు తెరిచి, ఎవరినీ చూడకుండా కూర్చున్నారు. ఆ ప్రార్థనకి ఆమేన్ లేదు.

ఇక చేతులెత్తమన్నాను. తీర్మానం తీసెయ్యాలన్నవాళ్ళు ఎత్తండన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. మగవాళ్ళు బెంచీల వైపు చూస్తున్నారు, చదువు చెప్పిన మాస్టారి మీద చెయ్యెత్తినట్టే ఉంటుందని. ఆడవాళ్ళు చాపల పుల్లలు పీకుతున్నారు. ఇంత చేసి ఓడిపోతున్నానని నాకు అర్థమైంది.

ముందు వరసలో ప్రేమలతమ్మ చెయ్యెత్తింది. భర్త వైపు చూడలేదు. "పెళ్ళైన కాడ్నించీ ఆయన మాటకల్లా ఆమేనే అంతన్నాను. దీనికి మాత్రం అన్ను" అంది. ఆవిడ నోట పుట్టింటి యాస వినడం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాత చాపల మీద చేతులు వరసగా లేచాయి. పల్లెల మగవాళ్ళు లేపారు. ఊళ్ళోవాళ్ళు కూడా చాలామంది, కొందరు మోచేతి దాకానే అయినా, లేపారు. తీర్మానం పోయింది. చేతులు ఎత్తనివాళ్ళలో మాస్టారు, ఆయన పక్కనున్న కొందరు, ఇంకా సంతోషమ్మ ఉన్నారు.

ఆరాధన అయ్యాక ఆవిణ్ణి పట్టుకున్నాను. "నీ కోసం ఇంతమంది చెయ్యెత్తారు. నువ్వెందుకు ఎత్తలేదు?"

"నా ఆమేన్ నాను మార్సుకోనేదమ్మా. ఆళ్ళు మార్సినారు, ఆళ్ళిష్టం. దేవుడికి అబద్ధమాడి ఆ గోతిలోకి నానెలాగెల్తాను?"

ఆ గుడిలో ఆమేన్ అన్న మాటకి విలువ ఇచ్చిన మనిషి ఆవిడొక్కతే. ఆ ఒక్క మనిషినే తోటలోంచి గెంటేయబోయారు.

పైవాళ్ళు

బిషప్పుగారి డయాసిస్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఒక పెద్దాయన, చల్లటి గదిలో కూర్చుని, నేను సంఘాన్ని రెచ్చగొట్టానన్నారు. ఆరాధనకి ముందు సభ పెట్టడం ఆనవాయితీ కాదన్నారు. "ఏకగ్రీవంగా నడుస్తున్న సంఘంలో ఓటింగు పెట్టి రెండు వర్గాలు చేశారు" అన్నారు.

"అప్పటికే రెండు వర్గాలున్నాయండి. ఒక వర్గం కాగితం చదివేది, ఇంకో వర్గం నిలబడి ఉండేది, అంతే" అన్నాను.

త్వరలోనే నన్ను బదిలీ చేశారు. బదిలీ గురించి నాకు బాధ లేదు, పెట్టె ఎప్పుడూ సర్దే ఉండేది. నాకు మండింది ఆ మాటకి. గొడవ లేకపోవడమే సఖ్యత అనుకునేవాళ్ళు సంఘాలకి పెద్దలవుతున్నారు. సంఘస్థులు నోరెత్తకపోతే విశ్వాసం, ఎత్తితే తిరుగుబాటు. అలాంటప్పుడు నియమావళి అచ్చు వేయడమెందుకు? ఆ ఖర్చుతో చాపలు కొనొచ్చు కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి. సంతోషమ్మకి చోటు దొరికింది నా కోపం వల్ల, ప్రేమలతమ్మ చెయ్యి వల్ల. అది దొరకాల్సింది ఆవిడ ఓటు వల్ల. ఓటున్న మనిషి చోటు కోసం పాస్టరు గుమ్మం మెట్టు మీద కూర్చోవాల్సిన పని లేదు. దీన్ని నేను గెలుపు అనుకోను.

మట్టి

సంతోషమ్మ పోయిందని ప్రేమలతమ్మ ఫోను చేసింది. అప్పటికి నేను రిటైరయ్యాను. రైలెక్కి చీపురుపల్లిలో దిగి ఆటోలో వెళ్ళాను. గోడ పక్కన యోహాను గొయ్యే తవ్వారు. తవ్వేవాళ్ళకి దగ్గరుండి చూపించింది దేవసహాయం మాస్టారేనట. కర్ర పట్టుకుని వచ్చారు, బాగా ముసలైపోయారు. నన్ను చూసి "వందనాలు అయ్యగారూ" అన్నారు. మొదటిసారి అలా పిలిచారు. నేనూ వందనాలు చెప్పాను.

కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు భూస్థాపన క్రమం చక్కగా చదివాడు. అందరూ మట్టి వేశారు. అతను చివరి ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్నారు, నేనూ అన్నాను, ఆ ఒక్కదాన్ని మనస్ఫూర్తిగా అన్నాను.

జనం ఇంకా అక్కడే నిలబడి ఉండగా కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. నా గురించి విన్నాడట. నేనంటే గౌరవమట. "మీరు దిద్దిన సంఘం అయ్యగారమ్మా, చాలా సఖ్యంగా ఉంది. పోయిన ఆదివారమే కమిటీ ఎన్నిక చేశాం. ఒక్క గొడవ లేదు. ఏకగ్రీవం!" అన్నాడు మురిసిపోతూ.

"ఎలా చేశారు బాబూ?"

"ఆశీర్వాదానికి ముందు అందరూ నిలబడి ఉన్నారు కదండీ, అప్పుడు పేర్లు చదివించాను. అంతా ఆమేన్ అన్నారు."

నా చేతికి ఇంకా ఆవిడ మట్టి ఉంది. చుట్టూ చూశాను. పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఎండలో అలాగే నిలబడి ఉన్నారు, ఎవరైనా వెళ్ళమంటే వెళ్దామని.

"నాయనా, ముందు వాళ్ళని కూర్చోబెట్టు" అన్నాను.

"అయ్యో, అవునండి, మర్చేపోయాను" అని ఆ అబ్బాయి కుర్చీల కోసం గుడిలోకి పరుగెత్తాడు.